కాఫీ మడ్డి పేరుకునేంత సేపు

తెల్లవారి నమాజు ముగిసీ ముగియగానే సుమియాతి కాఫీ కొట్టు తలుపులు తీసి, పొయ్యి మీద నీళ్లు పెట్టి, అరటిపళ్లు చీల్చి పిండిలో ముంచడం మొదలుపెడుతుంది. కొట్టంటే పెద్దదేం కాదు, ఇంటి ముందు వసారాయే. రెండు బల్లలు, ఒక పొయ్యి, గోడకి ఒకే ఒక ప్లగ్గు. కానీ జావా తీరాన మా లాసెంలో సగం మంది మగవాళ్లకి ఆ బల్లల మీదే తెల్లవారుతుంది.

మా ఊరి మగవాళ్లు కాఫీ కోసం రారు, కాఫీ అడుగున మిగిలే మడ్డి కోసం వస్తారు. అది పేరుకునేదాకా కూర్చోవాలి. పైనున్న కాఫీ మెల్లగా తాగాలి. మడ్డిని సాసర్లోకి వంచి, కాగితంతో తడి అద్ది, చుక్క చిక్కటి పాలు కలిపి, సన్నటి పుల్లతో లవంగాల సిగరెట్టు మీద తీగలూ పువ్వులూ గీయాలి. అది ఆరేదాకా మళ్ళీ కూర్చోవాలి. అప్పుడు అంటించాలి. అంత కష్టపడి గీసింది బూడిద చేసుకోవడం ఏమిటయ్యా అని మాత్రం ఎవర్నీ అడక్కండి, మొహాలు ముడుచుకుంటారు.

సుమియాతి మొగుడు కస్మూరికి ఈ విద్యలో పెద్ద పేరు. పడవలకి రంగులు వేసి, పేర్లు రాసే చెయ్యి అది, వణుకంటే ఎరగదు. రోజూ పొద్దున పొయ్యికి ఎదురుగా బల్ల మీద కూర్చుని, తల వంచుకుని గీసుకునేవాడు. ఆవిడ అరటిపళ్లు వేయిస్తూ మాట్లాడేది. వాళ్ల కాపురంలో తేలిన ప్రతి సంగతీ అక్కడే తేలింది. కూతురు వెనింగ్‌ని నర్సు చదువుకి సెమరాంగ్ పట్నం పంపడం, ఇమ్రోన్‌కిచ్చి పెళ్లి చెయ్యడం, ఆవిడ తమ్ముడితో మాటలు మానెయ్యడం, మళ్ళీ కలపడం, అన్నీ మడ్డి ఆరేలోగానే. రాత్రి అడిగితే కస్మూరి "ఊఁ" అని అటు తిరిగి పడుకుంటాడు. పగలు అడుగుదామంటే పడవ మీద ఉంటాడు. నోట్లో సిగరెట్టు లేకుండా, చేతిలో పుల్లతో ఉన్న ఆ కాసేపే అతను మనిషికి దొరికేది.

అలాంటి కస్మూరి సిగరెట్లు మానేశాడు. మనవడు పుట్టిన కొత్తలోనే వాడి ఛాతీలో పిల్లికూతలు వినిపించాయి. వెనింగ్ ఊరుకునే రకం కాదు.

"నాన్నా, వాణ్ణి ఎత్తుకోవాలంటే ఆ పొగ మానెయ్. చొక్కాకి వాసనున్నా ఇవ్వను. నువ్వు ఏడ్చినా ఇవ్వను, నేను ఏడ్చినా ఇవ్వను" అని తేల్చి చెప్పేసింది.

అల్లుడు ఇమ్రోన్ జాలిపడి ఒక వేప్, అంటే కరెంటు సిగరెట్టు, కొని తెచ్చాడు. వేలెడంత గొట్టం, పీలిస్తే పనసపండు వాసన. "ఇదేం అమృతం కాదు మావయ్యా. దానికంటే నయం, అంతే. బాబు దగ్గర మాత్రం ఇదీ వద్దు" అన్నాడు.

ఇల్లు చాలా మారిపోయింది. కస్మూరి లుంగీలకి నిప్పు చిల్లులు పడడం ఆగింది. పొద్దున్నే ఇంటిల్లిపాదినీ లేపే ఆ దగ్గు తగ్గింది. దిండు గలీబులు లవంగాల కంపు కొట్టడం మానేశాయి. చొక్కా జేబులో అగ్గిపెట్టె పోయి ఛార్జరు తీగ వచ్చింది. ఉన్న ఒక్క ప్లగ్గు కోసం ఆ గొట్టానికీ, అన్నం కుక్కరుకీ రోజూ తగువే. నాలిక్కి రుచి తిరిగొచ్చింది కూడా. అది మాత్రం సుమియాతి ప్రాణానికొచ్చింది.

"పచ్చట్లో ఉప్పెక్కువేసినట్టున్నావే?" అన్నాడొక మధ్యాహ్నం.

"మన పెళ్లయినప్పట్నించీ అంతే వేస్తున్నాను!"

"అయితే పెళ్లయినప్పట్నించీ ఎక్కువే."

ఆవిడ గరిటె తిరగేసింది. అయినా లోపల సంతోషమే. మనవణ్ణి ఒళ్లో వేసుకుని కస్మూరి మురిసిపోతుంటే కళ్లారా చూసింది. మగాడు ఒక పాడలవాటు మానుకుంటే కాదనే ఆడది ఎవరుంటుంది?

కానీ ఆ పొద్దుటి కూర్చోవడం పోయింది. గొట్టానికి మడ్డి పూయలేరు కదా. అంటించాల్సిన పనీ లేదు, ఆరేదాకా ఆగాల్సిన పనీ లేదు. నిలబడి గ్లాసుడు కాఫీ రెండు గుక్కల్లో తాగేసి, పనసపండు ఆవిరి వదులుకుంటూ వెళ్లిపోవడమే. ఇదివరకు పడవ దగ్గర కూడా సిగరెట్టు కోసం ఎక్కి నిలబడ్డ చెక్క దిగి నీడన కూర్చునేవాడు. ఇప్పుడు ఒక చేత్తో కుంచె, ఇంకో చేత్తో గొట్టం. దిగేదే లేదు.

"మీ ఆయన రైలింజనైపోయాడు వదినా! ఆగకుండానే పొగ వదిలేస్తున్నాడు" అన్నాడు జుమాది. కస్మూరి పక్కన ఏళ్ల తరబడి అదే బల్ల మీద కూర్చున్న స్నేహితుడు. "నిన్న నిప్పడిగితే జేబులు తడుముకుని సిగ్గుపడిపోయాడు పాపం. నా నిప్పూ పోయె, నా తోడూ పోయె."

సరిగ్గా ఆ రోజుల్లోనే వెనింగ్ ఫోన్ చేసింది. "అమ్మా, నా సెలవు అయిపోతోంది. నువ్వొచ్చి ఒక ఏడాది సెమరాంగ్‌లో మా దగ్గరుండి బాబుని చూసుకోవా? నాన్నతో మాట్లాడి ఆదివారం మేమొచ్చినప్పుడు చెప్పు."

నాన్నతో మాట్లాడి! ఎప్పుడు మాట్లాడాలి? మొదటిరోజు పొద్దున ఆవిడ "ఏమయ్యా, వెనింగ్ ఫోన్ చేసింది" అంటుండగానే అతను "బాబు బాగున్నాడా? మంచిది" అని గడప దాటేశాడు. మర్నాడు "కూర్చో, నీతో పనుంది" అంది. "చెప్పు, వింటున్నా" అన్నాడు, చెప్పులు వేసుకుంటూ. ఆ మర్నాడు ఛార్జరు కనపడక వెతుక్కుంటున్నాడు. ఇలా అయితే ఎలా మాట్లాడేది!

రోజులు గడిచేకొద్దీ సుమియాతి గుండెల్లో ఏదో బరువు చేరింది. 'నేనున్నా లేకపోయినా ఈ మనిషికి తేడా ఏం తెలుస్తుంది? కాఫీ ఎవరు పోస్తే ఏం, నిలబడి తాగేదానికి?' అనుకుంది. అనుకుని కొంగుతో కళ్లొత్తుకుంది. ఆదివారం వెనింగ్‌తో వస్తానని చెప్పేద్దామా అనిపించింది. చెప్పేముందు ఒక్కసారి, ఒకే ఒక్క పొద్దున, అతన్ని ఆ బల్ల మీద కూర్చోబెట్టి చూద్దామనీ అనిపించింది.

శనివారం సాయంత్రం జుమాదిని పక్కకి పిలిచింది. "తమ్ముడూ, ఒక సిగరెట్టు పెట్టె ఇచ్చి పో."

"అయ్యో వదినా, నీకెందుకది?"

"ఎలకలకి."

"మీ ఇంటి ఎలకలు కూడా కాలుస్తాయా?" అంటూనే ఇచ్చి పోయాడు.

ఆదివారం పొద్దున్నే ఆవిడ తనే ఒక గ్లాసు వంచి, మడ్డి అద్ది, పుల్ల పట్టుకుని సిగరెట్టు మీద తీగ గీసింది. ఇన్నేళ్లు చూసింది గానీ చేత్తో చేసింది లేదు. తీగ కాస్తా వానపామైంది, పువ్వు మరకైంది. దాన్ని సాసరు అంచున ఆరబెట్టి, పక్కన కాఫీ గ్లాసు, పెట్టె, అగ్గిపుల్లలు సర్దింది. చూసి నవ్వుకోవడానికైనా కూర్చుంటాడు కదా. అంటించబోతే లాక్కుందామనుకుంది. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు, పిచ్చితల్లి.

కస్మూరి లోపలినుంచి రాకముందే వీధిలోంచి వెనింగ్ వచ్చేసింది. చంకలో బాబు, వెనక సంచులతో ఇమ్రోన్. వెనింగ్ చూపు తిన్నగా ఆ సాసరు మీద పడింది. బల్లల మీదున్న వాళ్లందరి కాఫీ వణికేలా అరిచింది.

"నాన్నా!"

కస్మూరి తల తుడుచుకుంటూ పరుగున వచ్చాడు. "వచ్చావా తల్లీ! ఏడీ నా బంగారుకొండ..."

"ముట్టుకోకు! ఇదేంటి? నా ఎదురుగా గొట్టం, నా వెనకాల ఇదా? ఇన్నాళ్లూ నువ్వు మానేశావని మా ఆసుపత్రిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను నాన్నా. సిగ్గేసేలా చేశావు!"

"అల్లా మీద ఒట్టు, నేను కాదే! అది పట్టుకుని ఎన్నాళ్లయిందో..."

"మరి నీ గ్లాసు పక్కకి అదే నడిచొచ్చిందా?"

కస్మూరి సాసరు పైకెత్తి సిగరెట్టుని తిప్పి తిప్పి చూశాడు. అతని మొహంలో భయం పోయి రోషం వచ్చింది. "ఒసేయ్ వెనింగూ, నన్ను అబద్ధాలకోరు అను, పడతాను. కానీ ఈ గీతలు నావంటే మాత్రం పడను. ఇది కోడి తొక్కిన ముగ్గులా ఉంది. ఎవడు గీశాడిది? జుమాదీ, నువ్వా?"

"నాకేం తెలీదు. నేను ఎలకలకని ఇచ్చాను" అని జుమాది గ్లాసులో మొహం దాచుకున్నాడు.

అరటిపళ్లు మాడిపోతున్నాయి. సుమియాతి గరిటె కింద పెట్టింది.

"నేనే గీశాను" అంది.

ఇమ్రోన్ గబగబా వెళ్లి పొయ్యి ఆర్పాడు.

"అమ్మా! నీకేమైనా పిచ్చా?" వెనింగ్ తల్లి మీదకి తిరిగింది. "నాన్న చేత మాన్పించడానికి నేను కిందామీదా పడుతుంటే, నువ్వు చేతికందిస్తావా? నీ మనవడి ఊపిరి కంటే నీకు..."

"ఆ మాట అనకు!" సుమియాతి ఏడ్చేసింది. "వాడి ఊపిరి కంటే నాకేదీ ఎక్కువ కాదు. మీ నాన్న మళ్ళీ కాల్చాలని నేను కలలో కూడా కోరుకోను. ఆయన దగ్గు లేకుండా పడుకుంటుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో నీకేం తెలుసు! కానీ ఆ సిగరెట్టుతోపాటు ఆయన కూర్చోవడం కూడా పోయిందే. నాతో మాట్లాడడం పోయింది. నువ్వు సెమరాంగ్ రమ్మన్న సంగతి చెబుదామని రోజూ ఈ పొయ్యి దగ్గర ఎదురుచూశాను. ఒక్కరోజు కూర్చుంటేగా! ఎర వేసైనా కూర్చోబెడదామనుకున్నాను. తప్పే. బుద్ధి లేక చేశాను."

కస్మూరి చేతిలో సాసరు అలాగే ఉండిపోయింది. "సెమరాంగా? ఎవరు వెళ్తున్నారు?"

"నేను. ఏడాది."

"నాకెప్పుడు చెప్పావు?"

"చెప్పాను. నువ్వు చెప్పులేసుకుంటున్నావు."

అతనికి గుర్తొచ్చినట్టుంది. సాసరు దించి, జేబులోని గొట్టం తీసి జుమాది చేతిలో పెట్టి, పొయ్యికి ఎదురుగా బల్ల మీద దబ్బున కూర్చున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పడవలవాళ్ల ముందు కస్మూరి కన్నీళ్లు పెట్టుకోవడం మా ఊళ్లో ఎవరూ ఎరగరు.

"నేను మానేసింది సిగరెట్టనుకున్నానే" అన్నాడు. "నిన్ను ఎప్పుడు మానేశానో నాకే తెలీలేదు. నాకూ ఏదో వెలితిగానే ఉండేది. పొగ మానినందుకేమోలే అనుకుని ఆ గొట్టాన్నే ఇంకా పీల్చాను."

"మరి సెమరాంగ్ సంగతి ఏమంటావు?" అంది సుమియాతి ముక్కు తుడుచుకుంటూ.

"ఇంతమందిలో ఏమనను? రేపు పొద్దున. ఇక్కడే. కూర్చుని."

వెనింగ్ బాబుని తీసుకొచ్చి తండ్రి ఒళ్లో పెట్టింది. "చొక్కా వాసన చూడవా?" అన్నాడు కస్మూరి. "చూశాలే, పనసపండు. ఇక అదీ తగ్గించు" అంది ఆమె, కళ్లు తుడుచుకుని నవ్వుతూ.

మర్నాడు ఇమ్రోన్ సెలవు పెట్టాడు. మధ్యాహ్నం బస్సుకి బయల్దేరాలి, ఆలోగా జవాబు తేలాలి. పొద్దున్నే వెనింగ్ బాబుని భుజాన వేసుకుని తలుపు తెర వెనక నిలబడింది. వసారాలో తండ్రి కూర్చుని ఉన్నాడు. చేతులేం చేసుకోవాలో తెలీక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, చంకల్లో దూర్చుకున్నాడు, చివరికి తల్లి అతని ముందు ఉల్లిపాయల బుట్ట పడేసింది. అతను వలవడం మొదలుపెట్టాడు.

"ఇవేం ఉల్లిపాయలే, గోళీకాయల్లా ఇంతింతవి? ఎవడిచ్చాడు?"

"మా తమ్ముడు."

"మీ తమ్ముడి చేతిలో పెద్దదేదీ పండదు. మన పెళ్లిలో వాడు పెట్టిన మేక గుర్తుందా? పిల్లిపిల్లంత ఉంది."

"ఆ మేక సంగతి ఎత్తితే చూడు! ఆ మేక బాగానే ఉంది, మీ అమ్మే ఇరుగుపొరుగుకి పంచేసింది."

"మా అమ్మనంటావా!"

మేక మీదనుంచి అత్తగారి మీదకి, అక్కణ్ణించి వానకి కారే వంటింటి పెంకుల మీదకి, జుమాది కూతురి పెళ్లిచూపుల మీదకి వెళ్లింది మాట. కాఫీ అడిగిన వాళ్లు అడిగి అడిగి, లేచి తామే పోసుకున్నారు. తల్లి కళ్లు మెరుస్తున్నాయి. చేతులు తిప్పుతూ, కసురుతూ, మధ్యమధ్య పకపకా నవ్వుతోంది. ఫోన్లో రోజూ "బాగున్నానమ్మా" అని ముక్తసరిగా చెప్పే ఆ గొంతు, ఈ గొంతు ఒకటేనా అనిపించింది వెనింగ్‌కి. తండ్రి ఊపిరి గురించి, కొడుకు ఊపిరి గురించి ఇంత ఆలోచించింది. అమ్మకి ఊపిరాడేది ఎక్కడో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇమ్రోన్ వెనకనుంచి వచ్చాడు. "ఏమైంది? ఏమన్నారు?"

"అమ్మ రాదు."

"అడిగావా?"

"అడగను. మీ పిన్ని వస్తానందిగా, ఆవిణ్ణే రమ్మందాం. నేను అమ్మని తీసుకెళ్లలేను ఇమ్రోన్. చూడు, అక్కడెలా ఉందో."

అతను తెర కాస్త జరిపి చూశాడు. బాబుని తన భుజానికి మార్చుకున్నాడు.

వసారాలోంచి సుమియాతి కేక వేసింది. "వెనింగూ! సెమరాంగ్ మాట ఇంకా మొదలే పెట్టలేదే! మీ నాన్న పెంకుల దగ్గరే ఆగిపోయాడు. కాస్త ఆగు!"

వెనింగ్ చెంపలు తుడుచుకుంది.

"తొందరేం లేదమ్మా" అంది. "మాట్లాడుకోండి."