ఆమనితో అన్న మాటలు

కాకినాడ సముద్రపు గోడ వెంట ఉన్న చేపల బజారులో బేరాలన్నీ ఆమని కళ్లముందు అక్షరాలై కదులుతున్నాయి. చిన్నప్పుడు జ్వరంతో వినికిడి పోయిన ఆమెకు పాతికేళ్ల తర్వాత, 2074లో, అన్నయ్య విహారి కనిపెట్టిన ‘వాక్‌దర్శిని’ దొరికింది. చూడ్డానికి మామూలు కళ్లద్దాలే. చుట్టుపక్కల ఎవరేం మాట్లాడినా ఫ్రేములోని చిన్న ప్రాసెసర్ దాన్ని అక్షరాలుగా మార్చి అద్దం అడుగున చూపిస్తుంది.

ఏడాది తిరక్కుండానే, విహారితో పనిచేసే డాక్టర్ నఫీసా ప్రయోగశాలలో అతని ఎదుట కూర్చుంది.

"అద్దాలు పెట్టుకున్నవాళ్లలో డిప్రెషన్ తగ్గలేదు విహారీ. చాలామందిలో పెరిగింది."

"వినబడకపోవడమే కదా వాళ్ల దిగులు! అది తీర్చాంగా?"

"అదే దిగులని మనం అనుకున్నాం. వాళ్లనెవరూ అడగలేదు."

ఇంటికొచ్చి విహారి చెల్లెల్ని అడిగాడు. ఆమని గొంతు విప్పడం అరుదు. పదం పదం కూడబలుక్కుని చెప్పింది.

"ఇదివరకు అమ్మ భుజం తట్టి, ఎదురుగా కూర్చుని, చేతులు తిప్పుతూ చెప్పేది. ఇప్పుడు వంటింట్లోంచే అనేస్తోంది, అద్దాలున్నాయిగా చదువుకుంటుందని. మొన్న నువ్వు ఫోన్లో ఎవరితోనో అన్నావు, ‘మా చెల్లిని అద్దాల ప్రదర్శనకి తీసుకొస్తే మనకే తలనొప్పి’ అని. అదీ చదివాను."

విహారి ముఖం మాడిపోయింది. ఆ మాట అన్నప్పుడు ఆమె ఎదురుగానే ఉంది. ఆమె ముందు ఏమన్నా ఫర్వాలేదన్నది ఆ ఇంట్లో పాత అలవాటు. మాటలు ఆమెకు అందేలా చేసిందీ తనే, ఆ సంగతి మరిచిందీ తనే.

"తప్పయిపోయిందమ్మా. అలాంటి మాటలు అద్దాల్లో రాకుండా చెయ్యనా?"

"వద్దు. నాతో అన్న మాటలే కనబడేలా మార్చు. చాలు."

అదేమంత కష్టమైన పని కాదు. మాట్లాడే మనిషి ఎటు తిరిగాడో, ఎవరిని పిలిచాడో చూసి యంత్రమే తేల్చుకుంటుంది. ఆదివారం భోజనాల వేళకు విహారి ఆ మార్పు చేశాడు. ఆమెకు కనబడేదే తనకూ కనబడేలా ఇంకో జత తను పెట్టుకున్నాడు.

నాన్న కొత్త వంతెన కబుర్లు చెబుతున్నాడు. విహారి భార్య శాంభవి పులుసులో ఉప్పెక్కువైందని నవ్వుతోంది. అమ్మ శాంభవితో మాట్లాడుతూనే ఆమని కంచంలో కూర వేసి వెళ్లిపోయింది. అద్దాల్లో ఒక్క అక్షరమూ రాలేదు. అందరూ మజ్జిగలోకి వచ్చినా రాలేదు.

విహారి ఫ్రేము నొక్కి గుసగుసగా అడిగాడు. "ఏమైనా పాడైందా?"

"అంతా సరిగ్గానే ఉంది," యంత్రం ఫ్రేములోని చిన్న స్పీకర్‌తో అతని చెవిలో చెప్పింది. "ఆమనిగారితో ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు."

తనైనా ఏదో ఒకటి అనాలి. ఏమనాలి? ఈమధ్య ఆమె ఏం చదువుతోందో, ఎవరిని కలుస్తోందో, పగలంతా ఏం చేస్తోందో, ఏదీ తెలియదు. చివరికి చెల్లెలివైపు తిరిగాడు.

"అద్దాలు ఎలా ఉన్నాయమ్మా?"

ఆ మాట ఇద్దరి అద్దాల్లోనూ వెలిగింది. ఆమని చదువుకుంది.

"అద్దాలు బాగున్నాయన్నయ్యా," అంది. "నేనెలా ఉన్నానని అడగవూ?"