పీతలతిప్ప తలల లెక్క

శవం రేవు మెట్ల మీద బోర్లా పడి ఉంది.

యానాం ఎస్సై సౌజన్య వంగి చూసింది. కామాక్షమ్మ. డెబ్బై ఏళ్లుంటాయి. తడి చీర. ఒంటి నిండా రొయ్యల కంపు. రేవంతా అదే కంపు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"తెల్లారగట్ల మొహం కడుక్కోడానికొచ్చి జారిపోయిందండి," అన్నాడు ఉమామహేశ్వరం. ఊరి పెద్ద, రొయ్యల చెరువుల ఆసామి. "నిన్న అరుగు మీద మంచంలోనే ఉందండి. సర్వే వాళ్లు కూడా చూశారు."

రోడ్డున్న దరియాలతిప్ప నుంచి ఈ పీతలతిప్పకు ఉన్నది మట్టి గట్టు ఒక్కటే. వానొస్తే అదీ ఉండదు. ఊళ్లో ఐదువందల మంది ఉంటే తారు రోడ్డు వేస్తారు, బస్సు నడుపుతారు. నిన్న ఉదయం సర్వే టీమ్ వచ్చి తలలు లెక్కపెట్టింది. సరిగ్గా ఐదువందలు.

"యాక్సిడెంటే కదా మేడమ్. పంచనామా కానిచ్చేయండి."

సౌజన్య లేచింది. కామాక్షమ్మ ఇంటికి నడిచింది.

కోడలు దివ్య గుమ్మంలో కూర్చుని ఉంది. మొగుడు చేపల వేటకెళ్లి సముద్రం మీద ఉన్నాడు.

"నిన్న మీ అత్తకి ఎలా ఉంది?"

"జ్వరమండి. దుప్పటి కప్పుకుని పడుకుంది."

"మాట్లాడిందా?"

"లేదండి."

"ఏం తింది?"

"గంజి."

"నువ్వే కాచావా?"

దివ్య వంటగది వైపు చూసింది.

సౌజన్య వంటగదిలోకి వెళ్లింది. స్టవ్ పక్కన స్టీలు గిన్నెలు. వాటి మీద ఇరుగుపొరుగు ఇళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. అడుగున నిన్నటి పప్పు పులిసి బుడగలు కడుతోంది.

ఆ గిన్నెలు తెచ్చి అరుగు మీద పెట్టింది. జనం మూగారు.

"శవం ఇవాళ దొరికింది. మరి నిన్న మధ్యాహ్నమే వీధంతా ఈ ఇంటికి అన్నం ఎందుకు పంపింది?"

"జ్వరం కదండీ, సాయంగా..." అన్నాడు ఉమామహేశ్వరం.

"జ్వరం అత్తకి. కోడలు బాగానే ఉందిగా! చావు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని పంపారు. సర్వే వాళ్లకి అబద్ధం చెప్పగలిగారు. ఆచారం తప్పడానికి మాత్రం మీకు చేతులు రాలేదు."

ఆటో నడిపే గోపి ఉమామహేశ్వరం వైపు చూపిస్తూ ఏడ్చేశాడు.

"మొన్న సాయంత్రం గుండెల్లో నొప్పందండి మామ్మ. ఆటో స్టార్ట్ చేశాను. ఈయన తాళం లాగేసుకున్నాడు. రేపు లెక్కయ్యాక తీసుకెళ్దువులేరా, ఒక్క తల తగ్గితే రోడ్డు పోద్ది అన్నాడండి. రాత్రికే పోయింది."

"తర్వాత?"

"ఈయన రొయ్యల ఐసుపెట్టెలో పెట్టించాడండి. లెక్కప్పుడు తీసి మంచం మీద పడుకోబెట్టాం. మళ్లీ పెట్టెలోకే. తెల్లారగట్ల తెచ్చి రేవు మెట్ల మీద పడేశాం."

"పెట్టె కడిగించానండి," అన్నాడు ఉమామహేశ్వరం గబగబా.

"ఆ ఐసు?"

"పారబోస్తే నష్టం కదండీ. ఇవాళ తెల్లారి లోడుకి వేసేశాం."

సౌజన్య జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రోడ్డు లేకే కదా మేడమ్ మా జనం చచ్చేది!" అన్నాడు ఉమామహేశ్వరం.

"మొన్న గట్టు ఎండే ఉంది. ఆటో స్టార్టయ్యే ఉంది."

అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మొన్న పోయిందని రాస్తే ఊరు మునిగిపోద్దండి. ఒక్క రోజు ఆగండి. మా కోడలికి తెల్లారి నుంచి నొప్పులు. బిడ్డ పుడితే లెక్క సరిపోద్ది."

"తెల్లారి నుంచా? హాస్పిటల్‌కి ఎందుకు తీసుకెళ్లలేదు?"

"ఇక్కడే పుట్టాలి కదండీ. యానాంలో పుడితే అక్కడి లెక్కలోకి పోద్ది."

సౌజన్య పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"లూయిస్!" కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు. "ఈయన దగ్గర ఆటో తాళం తీసుకుని గోపికివ్వు. ముందు ఆ అమ్మాయిని ఎక్కించండి. నేనూ వెంట వెళ్తాను."

"మరి ఈయన, మేడమ్?"

"గట్టు మీద నడిపించుకుని రా."