చివర చెప్పిన మాట

ఊరి మైకు గొంతు సవరించుకుని, "ఇవాళ సముద్రం బాగుంది, మునిగేవాళ్లు ఎనిమిదింటికల్లా రావాలి" అని చెప్పేసరికి యాంగ్ వారింట్లో గంజి ఉడుకుతోంది. ఆ ఇంట్లో తల్లి చున్‌జా నీటిని నమ్ముకుంది, కూతురు మిరాన్ గాలిని నమ్ముకుంది, తండ్రి గిల్‌హో పొయ్యిలో నిప్పును నమ్ముకున్నాడు. మూడు భూతాలు ఒకే చూరు కింద ఉంటే ఇల్లు కాస్త ఉక్కపోతగానే ఉంటుంది.

మిరాన్ అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చుంది. నాలుగు అంకెలు లోపలికి, నాలుగు ఆపి, ఆరు బయటికి.

"ఇంకా పీలుస్తూనే ఉన్నావా? ఊళ్లో మిగతావాళ్లకి కాస్త మిగుల్చు" అంది చున్‌జా, వల సంచి భుజాన వేసుకుంటూ.

"లెక్క తప్పించావమ్మా."

"డెబ్బై రెండేళ్లుగా పీలుస్తున్నా. ఒక్కరోజూ లెక్కపెట్టలేదు."

"అందుకే నీకు ఫీజు ఎవరూ ఇవ్వట్లేదు" అన్నాడు గిల్‌హో, గంజి కలుపుతూ.

పట్నం నుంచి కొరియాలోని ఈ జెజు దీవికి సేదతీరడానికి వచ్చేవాళ్లకి మిరాన్ ఊపిరి పాఠాలు చెబుతుంది. ఒంటరిగా వస్తే ఒక రకం, జంటగా వస్తే ఇంకో రకం. రాలేనివాళ్లకి పాఠాలు రికార్డు చేసి ఫోనుకి పంపుతుంది. తల్లి ఊపిరి బిగబట్టి సముద్రం అడుగున ఏరిన నత్తలు అమ్ముతుంది, కూతురు ఊపిరినే అమ్ముతుంది. అమ్మకంలో అమ్మదే పైచేయి.

కానీ పదిరోజులుగా మిరాన్ ఊపిరి మెడ దాటి కిందికి దిగడం లేదు. చున్‌జా ఒకరోజు నీలం పెదాలతో పైకి తేలిందని అప్పుడే మునిగే ఆడవాళ్ల పెద్ద మ్యోంగ్‌సిమ్ చెప్పింది. "లోతుకి వెళ్లేవాళ్ల జాబితా పదిరోజుల్లో రాస్తాం. ఈలోగా మీ అమ్మని ముసలివాళ్ల ఒడ్డునీళ్లకి మారమని ఒప్పించు. మేం చెబితే వినదు" అంది. ఆ రోజు ఇవాళే. ముక్కుతో బతికే మనిషై ఉండి మిరాన్ ఇంతవరకూ ముక్కుసూటిగా అడగలేకపోయింది. చున్‌జా ఊపిరి పట్టడంలో ఎంత గట్టిదో పంతం పట్టడంలో అంతకన్నా గట్టిది. మునిగొచ్చాక ఒడ్డున వేసుకునే మంట చుట్టూ లోతుకి వెళ్లేవాళ్లు కూర్చునే చోటు ఆమెది. ఆ చోటు వదలమనడం నలుగురిలో గొంతు వదులుకోమన్నట్టే.

"అమ్మా, ఇవాళ ఆ జాబితా..."

"లోతులోనే రాయిస్తున్నా. ఈమధ్య నా ఊపిరి పెరిగింది తెలుసా? పిల్లప్పటిలా ఆగుతోంది" అంటూ చున్‌జా గుమ్మం దాటింది.

మిరాన్ గంజి ముందు కూర్చుంది కానీ చెంచా ఎత్తలేదు. డెబ్బై రెండేళ్లకి ఊపిరి పెరగడమేమిటి?

"పెరగదా మరి" అన్నాడు గిల్‌హో. "రోజూ పొద్దున్నే స్నానాల గదిలో నీ గొంతు వినిపిస్తుంది. మొదట్లో నువ్వే ఉన్నావనుకుని వంకాయలు తరుగుతూ అరగంట ఆగాను. తీరా చూస్తే మీ అమ్మ బయటికొచ్చింది."

"నా గొంతు ఏమంటోంది నాన్నా?"

"ముప్పైసార్లు వేగంగా పీల్చి వదలండి, తర్వాత ఆపండి, అని. పైగా అదే పని నీళ్లలో దిగే ముందు ఒడ్డున కూడా చేస్తోందట."

మిరాన్ గంజి వదిలేసి లేచింది. తల్లి ఫోను గూట్లోనే ఉంది. నొక్కితే తన గొంతే, తేనె పూసినట్టు: వేగంగా, ఇంకా వేగంగా, ఇప్పుడు ఆపండి. "నీళ్ల దగ్గర ఈ సాధన ఎన్నడూ చేయకండి" అన్న ముక్క ఉంది. కానీ పాఠం అంతా అయ్యాక, ధన్యవాదాలకి ముందు ఉంది. అక్కడిదాకా ఎవరు వింటారు? చున్‌జా అయితే పెళ్లిళ్లలో కూడా భోజనం కాగానే లేచి వచ్చేస్తుంది.

మిరాన్ చెప్పులు లేకుండానే పరిగెత్తింది. నల్లరాళ్ల దగ్గరికి వచ్చేసరికి సముద్రం మీద మునిగేవాళ్లు పట్టుకుని తేలే నారింజ రంగు బుర్రలు పదకొండు కనిపించాయి. బుర్రలన్నీ ఒక్కలాగే ఉంటాయి, పైకొచ్చి ఊపిరి వదిలేటప్పుడు వచ్చే ఈలలు మాత్రం ఎవరివి వాళ్లవే. మ్యోంగ్‌సిమ్‌ది పొట్టి ఈల. ఇంకెవరిదో కోడిపిల్ల కూత. తల్లిది సన్నగా, పొడుగ్గా, చివర్లో కొంచెం వంకర తిరుగుతుంది. అది వినిపించడం లేదు. లెక్కపెట్టడం వృత్తి అయిన మనిషి ఇరవై దగ్గర అంకెలు మర్చిపోయింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ మర్చిపోయింది.

అప్పుడు వినిపించింది, వంకర తిరిగిన ఈల.

"అమ్మా, రా బయటికి" అని మిరాన్ వేసిన కేకకి పదకొండు బుర్రల వాళ్లూ తిరిగారు.

చున్‌జా రాళ్ల మీదికి ఎక్కుతూనే అందుకుంది. "ఏమే, మీ నాన్న పోయాడా?"

"నా పాఠం ఎందుకు విన్నావు?"

చున్‌జా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసింది. "ఊరందరికీ నేర్పుతావు, నేను వింటే తప్పా? నీ చదువు ఒక్కసారన్నా నాకు పనికొచ్చిందని సంతోషించు."

"నీ ఊపిరి పెరగలేదమ్మా. ఊపిరి అయిపోతోందని లోపల ఒక గంట కొడుతుంది. అలా గబగబా పీలిస్తే ఆ గంట నోరు నొక్కేసినట్టే. ఊపిరి మాత్రం ఎప్పుడు అయిపోవాలో అప్పుడే అయిపోతుంది. నీకు తెలియదు, అంతే."

మాటకి మాట బాకీ ఉంచని చున్‌జా రాతి మీద కూలబడి, చేతి తొడుగులు మెల్లగా ఊడదీసుకుంది.

"నిన్న కింద ఒక పెద్ద నత్త కనబడింది" అంది. "దాన్ని రాతి నుంచి పెళ్లగిస్తున్నాను. ఎంత హాయిగా ఉందో. చలి లేదు. పైకి రావాలనే అనిపించలేదు. అమ్మాయి పాఠం పనిచేసింది, మనసు నెమ్మదించింది, అనుకున్నా."

మిరాన్ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మరి ఎలా లేచావు?"

"పైన మ్యోంగ్‌సిమ్ ఈల వేసింది. ఆమె వేస్తే నేను వేయాలి కదా. అలవాటు."

మిరాన్ ఆ తడి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నీళ్ల దగ్గర చేయొద్దన్న మాట ముందు చెప్పాల్సిందమ్మా. చివర పెట్టాను. వినడానికి బాగుండదని చివర పెట్టాను."

"నేనూ అంతే. పెదాలు నీలమయ్యాయని నీకు చెప్పలేదు. వినడానికి బాగుండదని." చున్‌జా కూతురి వీపు తట్టి చెయ్యి అక్కడే ఉంచేసింది. "ఇదేంటే, నీ ఊపిరి కుందేలులా గెంతుతోంది? జంటలకి ఏదో చేయిస్తావుగా. చేయించు."

ఇద్దరూ వీపుకి వీపు ఆనించి కూర్చున్నారు. మిరాన్ "నాలుగు లోపలికి" అంది. రెండు దగ్గరే లెక్క తప్పింది. వెనక నుంచి తల్లి వీపు నిదానంగా నిండింది, ఈలతో నిదానంగా ఖాళీ అయింది. మళ్లీ నిండింది. మూడోసారికి కూతురి పెదాల మధ్య నుంచి కూడా ఏదో బయటపడింది.

"కెటిల్ కూసినట్టుంది. పరవాలేదు" అంది చున్‌జా. తర్వాత నీళ్లవైపు తిరిగి, "మ్యోంగ్‌సిమ్, నన్ను ఒడ్డునీళ్లలో రాయి. మంట దగ్గర చోటు మాత్రం ఇవ్వను" అని కేకేసింది.

"ఎవరడిగారక్కా?" అని బదులొచ్చింది.

ఇప్పుడు మిరాన్ పంపే పాఠం ఒక ముసలి గొంతుతో మొదలవుతుంది. "నీళ్ల దగ్గర ఈ పని చేయకండి. చేసినదాన్ని చెబుతున్నా." ఆ తర్వాత ఒక ఈల, సన్నగా, పొడుగ్గా, చివర్లో కొంచెం వంకరగా. పాఠం ఆ తర్వాతే.