నవనీత పోర్షన్‌కే ఫుల్ రేటు

"మూడొందలా?"

నవనీత అరుపుకి కింద వరండాలో కూరగాయలు తరుగుతున్న ఇంటావిడ రాజక్క తలెత్తి చూసింది.

"నల్లాకు రెండొందలు, లేబర్ మూడొందలు. మొత్తం అయిదొందలు మేడం" అన్నాడు గల్లీలో రిపేర్లన్నీ చేసే హనుమండ్లు, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ.

"పావుగంట పనికి గంతనా?"

"సిరిసిల్ల మొత్తం గిదే రేటు మేడం. ఎవరినన్న అడిగి చూడుండ్రి."

డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు.

నవనీత సొంతూరు ఇచ్చోడ. సిరిసిల్ల పశువుల దవాఖానాలో ఉద్యోగం వచ్చి, రాజక్క ఇంటి పై పోర్షన్‌లో దిగింది. ఎంత మొండి బర్రెకైనా భయపడకుండా సూది వేస్తుంది కానీ, కారే నల్లాని ఆపడం ఆమె వల్ల కాదు. హనుమండ్లు అనే పేరు విని ఏ అరవయ్యేళ్ల పెద్దాయనో వస్తాడనుకుంది. తీరా చూస్తే పాతికేళ్లు దాటిన కుర్రాడు. తాత పేరు పెట్టారట. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుంది. బాగున్నాడే అని మనసులో అనుకుంటుండగానే ఆ మూడొందలు చెప్పి చెడగొట్టాడు.

సాయంత్రం రాజక్కతో మాట్లాడాక అసలు మంట మొదలైంది.

"అక్కా, మీ బోరు మోటరు బాగుచేసినందుకు ఎంత తీసుకున్నడు?"

"మా దగ్గర పైసలేంది పిల్లా? చాయ తాగి పోయిండు."

పక్కింటి భవ్యశ్రీకి కూలర్ బాగుచేసినందుకు చాయ్ కూడా తాగలేదట. గల్లీ అంతా ఉచితం, తనకొక్కదానికే ఫుల్ రేటు. ఊరికి కొత్తదని దోచుకుంటున్నాడా?

వారం తిరక్కుండా ఫ్యాన్ మొరాయించింది. తిట్టుకుంటూనే ఫోన్ చేసింది. ఈసారి రెండొందల యాభై అన్నాడు. పైగా అడగకుండానే కిటికీ గొళ్లెం సరిచేశాడు, కిర్రుమంటున్న తలుపుకి నూనె వేశాడు.

"దానికెంత?"

"మీరు చెప్పలే గదా, దానికి పైసల్లేవు" అని, ఆమె చేతి కట్టు చూసి ఆగిపోయాడు. "చేతికేమయింది మేడం?"

"బర్రె కొమ్ము తాకింది."

"టీటీ సూది తీసుకున్నరా? జర పైలం మేడం. మీరు పోయేది గా కొమ్ముల మధ్యలకే."

అంత బాధగా అడిగినవాడు, ఆ వెంటనే రెండొందల యాభై చక్కగా జేబులో పెట్టుకున్నాడు. ఇతనితో పోట్లాడాలో, మజ్జిగ ఇవ్వాలో నవనీతకి పాలుపోలేదు. రెండూ చేసింది.

ఆ తర్వాత ఆమె పోర్షన్‌లో స్విచ్‌లు తరచూ వదులవడం మొదలైంది. వాటిని వదులు చేస్తున్నది ఎవరో గల్లీలో ఎవరికీ తెలియదు. మనకీ తెలియనట్టే ఉందాం.

రాఖీ పౌర్ణమి ముందురోజు రాజక్క గుట్టు విప్పింది.

"నువ్వు గూడ హనుమండ్లుకు ఒక రాఖీ కట్టు పిల్లా. కట్టిన కాన్నుంచి రూపాయి ముట్టడు. చెల్లెండ్ల దగ్గర పైసలేంది అంటడు. గీ గల్లీల ఆడోళ్లమంతా కట్టినం."

అదన్నమాట లెక్క! నవనీత తేలిగ్గా నవ్వబోయింది, నవ్వు రాలేదు. రాఖీ కట్టినవాళ్లు సొంతవాళ్లు, కట్టనివాళ్లు పరాయివాళ్లు. రేపు అతను చేయి చాపితే తను చెల్లెలు. చాపకపోతే పరాయిది. ఆమెకి రెండూ వద్దు. మరేం కావాలో తనకు తాను ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ అయోమయంలోనే బజారుకెళ్లి ఇరవై రూపాయల రాఖీ ఒకటి కొనుక్కొచ్చింది. కడుతుందో లేదో ఆమెకే తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం బాత్రూమ్‌లో పైపు నిజంగానే పగిలింది. ఈసారి ఆమె తప్పేం లేదు.

హనుమండ్లు ఉరికొచ్చాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా రాఖీలే. పగిలిన చోట రెండు అరచేతులూ అదిమిపెట్టి, "మేడం, బయట గేట్ వాల్వు బంద్ చేయుండ్రి!" అని అరిచాడు.

నవనీత వెళ్లలేదు. లోపలి నుంచి పళ్లెం తెచ్చింది. అందులో కుంకుమ, లడ్డూ, రాఖీ.

"ముందుగాల ఒక్కటి చెప్పుండ్రి. గల్లీ అంతా ఫ్రీ. నాకే ఎందుకు ఫుల్ రేటు?"

"మేడం, వాల్వు..."

"రాఖీ కడితే పైసలు తీసుకోరట గదా?"

అప్పుడు చూశాడు పళ్లెం. అతని మొహంలో రంగు పోయింది.

"వద్దు మేడం."

"చెయ్యి చాపుండ్రి."

"చెయ్యి తీస్తే నీళ్లు కొడతయి."

"తీయకుండ్రి. గట్లనే కడత."

హనుమండ్లు పైపుని చూశాడు. రాఖీని చూశాడు. ఆమెను చూశాడు. తర్వాత రెండు చేతులూ తీసేసి వెనక్కి దాచుకున్నాడు.

నీళ్లు భళ్లున చిమ్మాయి. పళ్లెం ఎగిరిపడింది. కుంకుమ గోడకంటింది. ఇద్దరూ తల నుంచి కాళ్ల దాకా తడిసిపోయారు.

"ఫ్రీగ చేస్తే మీరు గూడ రాఖీ తెస్తరని భయపడ్డ!" నీళ్ల చప్పుడు మీదుగా అరిచాడు. "గందుకే ఫుల్ రేటు చెప్పిన. గీ గల్లీల ఒక్కరన్న నాకు చెల్లె గాకుంట ఉండాలె గదా!"

ఇన్నాళ్లూ దోపిడీ అనుకున్నది ఇదా! నవనీతకి ఆనందంతో ఏడుపొచ్చింది. మొహమంతా నీళ్లే కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"గా మాట ముందే చెప్పొచ్చు గదా?"

"చెప్పినంక మీరు వేరే మేస్త్రీని పిలుసుకుంటే?"

"పిల్లా! నీళ్లు మెట్ల మీదికెల్లి కారుతున్నయి!" అంటూ రాజక్క పైకొచ్చింది. గుమ్మంలో ఆగి, "కట్టినవా రాఖీ?" అంది.

"కట్టలే అక్కా."

"ఎందుకట్ల?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. రాజక్క అతన్ని చూసింది, ఆమెను చూసింది. "ఓహో, గట్లనా సంగతి! మంచిగనే ఉన్నరు జోడి. కానీ నా ఇల్లు ముంచకుండ్రి" అని, తనే వెళ్లి వాల్వు కట్టేసింది.

గంటలో పైపు బాగయింది. నవనీత పర్సు తీసింది.

"ఎంతయింది?"

హనుమండ్లు తడి జుట్టు గోక్కున్నాడు. "ఇయ్యాల నాకే సమజైతలేదు. ఫ్రీ అంటే చెల్లెననుకుంటవు. పైసలంటే పరాయిదాన్ననుకుంటవు. నువ్వే చెప్పు నవనీతా."

మేడం పోయి పేరొచ్చింది. ఆ పిలుపు ఆమెకి ఎంతో ముద్దుగా అనిపించింది.

"ఆదివారం ఇచ్చోడకు రా. మా బాపు ఇంటి కాడనే ఉంటడు."

"ఆడ గూడ ఏమన్న ఖరాబైందా? ఏమేం పట్టుకరావాలె?"

"ఏం పట్టుకరాకు" అంది నవనీత. "మీ అమ్మను తోల్కరా."