బీరువాలో దూది

తాళం తీసి తలుపు తోసేసరికి లోపలి గదిలోంచి "కుయ్... కుయ్..." అని వినిపించింది.

ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ ఫ్యాక్టరీలో ఉంది. నాన్న ఏ ఊరి దారిలోనో బస్సు తోలుతున్నాడు. తమ్ముడు పక్కింటి అత్త దగ్గర ఉన్నాడు. ఆ గొంతు బీరువాలోంచి వస్తోంది.

పొడుగు మాత్రం భయపడలేదు. పొద్దున్న దాన్ని అందులో పెట్టి, తలుపు వేసి, బడికి వెళ్ళింది తనే కదా!

పొడుగు అంటే ఆ ఇంటి పెద్దపిల్ల. ఆరో క్లాసు. క్లాసులో అందరికన్నా జానెడు ఎత్తు, అందుకని ఆ పేరు పడిపోయింది. కన్నతల్లే అలా పిలుస్తుంటే ఇంక ఎవరితో చెప్పుకుంటుంది?

బీరువా తెరిచింది. మడతపెట్టిన దుప్పట్ల మధ్య గేమ్ మిషన్ వెలుగుతోంది. చార్జర్ గుచ్చి ఉంది. జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు ఒకటి మిషన్ చుట్టూ బిగించి, బొమ్మను నడిపించే పుల్లను ఒకవైపుకి లాగి పట్టుకుంది. మడిచిన అట్టముక్క బటన్‌ని నొక్కి పట్టుకుంది. అంటే ఎవరి చెయ్యీ పడకుండానే ఆట దానంతటదే ఆడుకుంటోందన్నమాట. ఈ తెలివిలో సగం లెక్కల పరీక్షలో చూపించి ఉంటే, వాళ్ళ టీచరు ఎగిరి గంతేసేది.

ఆ ఆట పేరు బూచుల అడవి. అడవిలో తిరిగి బూచుల్ని పట్టాలి, పెంచాలి, వాటితో పోటీలు గెలవాలి. గెలిస్తే కాయిన్లు ఇస్తారు. కాయిన్లుంటే కొట్లో ఏదైనా కొనుక్కోవచ్చు. ఈ వారం కొట్లోకి నల్లగుడ్డు వచ్చింది. అందులోంచి ఎవరి దగ్గరా లేని బూచి పుడుతుందట. ధర లక్ష కాయిన్లు. గురువారం సాయంత్రం ఏడింటికి కొట్టు మూసేస్తారు.

పొడుగు దగ్గర ఒక్క కాయినూ లేదు. ఉన్నవన్నీ పోయినవారమే బూచులకి టోపీలు కొని తగలేసింది.

అందుకని లెక్కల నోటు చివరి పేజీలో కూర్చుని లెక్కేసింది. ఆటలో ఒక పాత రైల్వే స్టేషన్ ఉంది. అక్కడ లాంతరు పట్టుకుని ఒక ముసలి గార్డు నిలబడి ఉంటాడు. ఎన్నిసార్లు ముందునుంచి వెళితే అన్నిసార్లు పోటీకి పిలుస్తాడు. ఓడిపోతే అరవై కాయిన్లు ఇస్తాడు. ఒక్కో పోటీకి రెండు నిమిషాలు. రోజుకి ఎనిమిది గంటలు. ఎలా చూసినా గురువారానికి లక్ష కాదు.

కానీ పోటీలో ముందు వరసలో దూది అనే బూచి నిలబడితే, వచ్చే కాయిన్లు రెట్టింపవుతాయి. ఆ గుణం దాని ఒక్కదానికే ఉంది. చిక్కేమిటంటే, దూది తనది కాదు. తమ్ముడిది.

తమ్ముడికి ఏడేళ్ళు. పేలు పడ్డాయని నున్నగా గొరిగించిన దగ్గర్నుంచీ వాడు గుండు అయిపోయాడు. వాడు పట్టిన మొదటి బూచి దూది. తెల్లగా, గుండ్రంగా, రెండు పెద్ద చెవులతో ఉంటుంది. మిషన్‌కున్న చిన్న మైకులో వాడు "దూదీ దూదీ దుంపా!" అని పిలిస్తే పల్టీ కొట్టి నవ్వుతుంది.

"నాలుగు రోజులే కదరా, ఇవ్వరా" అని పొడుగు బతిమాలింది.

గుండు చాలాసేపు ఆలోచించాడు. "దానికి చీకటంటే భయం అక్కా. సాయంత్రం ఆటలో దాని గుడిసెకి తీసుకెళ్ళి పడుకోబెడతావా? రోజూ?"

"పెడతాను."

"ఒట్టు?"

"ఒట్టు రా బాబూ!"

అది ఆదివారం మాట. ఇవాళ బుధవారం. గుడిసెకి పోయిరావడానికి అరగంట పడుతుంది. అరగంటంటే పదిహేను పోటీలు. పొడుగు ఒక్కరోజూ తీసుకెళ్ళలేదు.

బీరువా ముందు కూర్చుని రబ్బరు బ్యాండు తీసింది. ఎనభై ఆరు వేల నాలుగు వందలు! "అబ్బ!" అని తనలో తనే నవ్వుకుంది. అప్పుడు దూది వైపు చూసింది.

దూది ఇటు చూడటం లేదు. స్క్రీన్ వైపు వీపు పెట్టి నిలబడింది.

"ఏయ్, ఇటు తిరుగు."

తిరగలేదు. మామూలుగా గెలవగానే గెంతేది. సోమవారం గెంతలేదు. మంగళవారం తల దించుకుంది. ఇవాళ మొహమే చూపించడం లేదు. "కుయ్" అనే గొంతు కూడా లావైపోయింది. అది అసలు దూది గొంతులాగే లేదు.

పొడుగు బొమ్మని గార్డు ముందుకి నడిపింది. ఆ గార్డు ఏడు వందల ఇరవై సార్లూ ఒకటే మాట అన్నాడు: "బండికి టైముంది. ఒక పోటీ వేసుకుందామా?" ఈసారి అలా అనలేదు. లాంతరు కొంచెం పైకెత్తాడు.

"మళ్ళీ నువ్వేనా? నీ వెనకాల వస్తున్నది మూడు రోజులుగా నిద్రపోలేదు. నీకు తెలుసా?"

పొడుగు మిషన్‌ని కాస్త దూరంగా జరిపింది. ఆట తయారుచేసినవాళ్ళు ముందే రాసిపెట్టిన మాటే అయ్యుంటుంది, ఆ మాత్రం తనకీ తెలుసు. కానీ ఇంట్లో ఎవరూ లేరు. గడియారం చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆ గార్డు తనని సూటిగా చూస్తున్నట్టే ఉంది. గబుక్కున మిషన్ ఆపేసి, వెళ్ళి వీధి తలుపు తెరిచి కూర్చుంది.

ఆ రాత్రి తింటున్నప్పుడు అమ్మ వేళ్ళు విరుచుకుంటూ, "ఇవాళ నాలుగు వందల జేబులు కుట్టాను" అంది. అమ్మ బట్టల ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేస్తుంది. "ఎడమ జేబులే. కుడి జేబులు వేరే లైనువాళ్ళవి."

"బోరు కొట్టదా అమ్మా?" అన్నాడు గుండు.

"బోరు సంగతి దేవుడెరుగు. సాయంత్రమయ్యేసరికి ఎవరైనా పేరుపెట్టి పిలిచినా, నన్నేనా అనిపిస్తుంది నాన్నా."

పొడుగు చేతిలోని ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేసింది. ఇంక ఒక్కరోజే, ఒకే ఒక్కరోజు, అనుకుంది. తెల్లారి లేచి మళ్ళీ రబ్బరు బ్యాండు బిగించి, బీరువా తలుపు వేసింది.

గురువారం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో చప్పుడు లేదు.

తలుపు దగ్గరే ఆగి చెవులు రిక్కించింది. "కుయ్" లేదు. ఏమీ లేదు. బీరువా సందులోంచి మాత్రం సన్నటి పసుపు వెలుతురు నేలమీద పడుతోంది. రోజూ అక్కడ పడేది నీలం వెలుతురు.

మెల్లగా తెరిచింది. స్క్రీన్ నిండా గార్డు లాంతరే ఉంది. మూలన కాయిన్లు లక్షా నాలుగు వేల ఎనిమిది వందల ఎనభై అని ఉంది. లక్ష దాటేసింది! కానీ ముందు వరసలో దూది ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

గార్డు అన్నాడు: "ఎనిమిది వందల డెబ్బై నాలుగు సార్లు. అన్నిసార్లు నా ముందుకొచ్చింది. ఇక చాలమ్మా రా అన్నాను. వచ్చేసింది."

లాంతరు పక్కకి జరిగింది. ప్లాట్‌ఫారం మీద చిన్న చిన్న బూచులు వరసగా కూర్చుని ఉన్నాయి. పాతిక, ముప్పై ఉంటాయి. అన్నీ ఇటు వీపు పెట్టే కూర్చున్నాయి. ఆ వరసలో చివర రెండు పెద్ద తెల్ల చెవులు కనిపించాయి.

"ఏడింటికి బండి వస్తుంది. ఎక్కితే ఇంక దిగవు. తీసుకెళ్ళాలంటే పెంచినవాళ్ళు రావాలి. పిలిస్తే అది తిరగాలి."

పొడుగుకి బీరువాలో బట్టలు కదిలినట్టనిపించి తలుపు ధడాలున మూసేసింది. టైము నాలుగూ ముప్పావు. పెంచినవాళ్ళంటే గుండు. వాడికేమని చెప్పాలి?

అప్పుడు తట్టింది ఉపాయం. ఆటలో కొట్లో అచ్చం దూదిలా ఉండే బూచి, ఆ రెట్టింపు గుణం లేనిది, నాలుగు వేలకి దొరుకుతుంది! కొన్నా లక్షకి పైనే మిగులుతాయి. గుడ్డూ వస్తుంది, గుండుకీ తెలీదు. వెంటనే మళ్ళీ బీరువా తీసి, ఆ కొట్టుకి వెళ్ళి కొనేసింది. పేరు దగ్గర దూది అని టైపు చేసింది. అచ్చం అదే తెలుపు, అవే చెవులు.

ఇక గుడ్డు కొనబోతుంటే, ఐదున్నరకి గుండు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "నాలుగు రోజులైపోయాయిగా! నా దూదినివ్వు!"

పొడుగు మిషన్ అందించింది. వాడు మైకు దగ్గర మూతిపెట్టి పిలిచాడు. "దూదీ దూదీ దుంపా!"

స్క్రీన్ మీది బూచి కళ్ళు ఆర్పకుండా చూసింది. అంతే.

"దూదీ?" మళ్ళీ పిలిచాడు. మళ్ళీ చూసింది. వాడి మొహం వాడిపోయింది. "అక్కా, దీనికి నామీద కోపం వచ్చింది."

"కోపమేంటి?"

"నీకిచ్చేశానని. నన్ను వదిలేశాడు అనుకుంది. నాదే తప్పు." కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, స్క్రీన్‌ని వేలితో నిమిరాడు. "ఇంకెప్పుడూ ఎవరికీ ఇవ్వను దూదీ. ఒట్టు."

పొడుగు తట్టుకోలేకపోయింది. తిడితే పడేది, కొడితే పడేది. ఇది మాత్రం ఆమె వల్ల కాలేదు.

"అది దూది కాదురా" అంది.

మొత్తం చెప్పేసింది. బీరువా, రబ్బరు బ్యాండు, గుడిసెకి తీసుకెళ్ళకపోవడం, నాలుగు వేలు పెట్టి కొన్న ఈ దొంగ దూది, అన్నీ. గుండు నోరు తెరుచుకుని విన్నాడు. తరువాత ఏడ్చాడు. అక్కని రెండు చేతులతో నాలుగు దెబ్బలు వేశాడు. పొడుగు అడ్డు పెట్టుకోలేదు.

"ఏడింటికి బండి వస్తుంది" అంది. "నువ్వు పిలవాలి. రా."

వాడి ఏడుపు ఆగి, ఆటలో స్టేషన్‌కి చేరేసరికి ఆరున్నర దాటింది. ఇంట్లో లైటు వెయ్యడం కూడా మర్చిపోయారు. లాంతరు పసుపు వెలుతురు ఇద్దరి మొహాల మీదా పడింది. వీపులు తిప్పుకున్న బూచుల వరస కదలకుండా కూర్చుని ఉంది.

"దూదీ దూదీ దుంపా!" గుండు గట్టిగా పిలిచాడు.

తెల్ల చెవి ఒకటి కొంచెం కదిలింది. అది తిరగలేదు.

"గొంతు గుర్తుపట్టింది" అన్నాడు గార్డు. "కానీ భయపడుతోంది. దాన్ని ఇన్నిసార్లు నా ముందుకి తిప్పిన చెయ్యి ఎవరిదో వాళ్ళని పిలవమను. ఇక్కడే కూర్చుని పిలవాలి. మధ్యలో లేచి వెళితే పిలుపుల లెక్క మొదటికొస్తుంది."

పొడుగు మైకు దగ్గరికి వంగింది. ఆటబొమ్మకి సారీ చెప్పడమంటే నవ్వులాటగా ఉండాలి. కానీ నవ్వు రాలేదు.

"దూదీ, నేనే. సారీ. నీకు నిద్ర వస్తోందని నేను చూడలేదు." మళ్ళీ అంది. మళ్ళీ. ప్రతిసారీ చెవి ఇంత కదిలి ఆగిపోతోంది.

ఉన్నట్టుండి స్క్రీన్ పైన ఎర్ర అక్షరాలు వచ్చాయి: నల్లగుడ్డు. ఇంకా ఐదు నిమిషాలే.

గుండు చదివాడు. అక్క మొహం చూశాడు. పొడుగు ఆ అక్షరాల వైపు ఒక్క క్షణం చూసింది. లక్ష ఉన్నాయి. ఆటలో కొట్టు స్టేషన్ వీధి చివరే ఉంది. తరువాత మైకు వైపు మళ్ళీ వంగింది.

"దూదీ, సారీ. ఎన్నిసార్లైనా చెప్తాను. నువ్వు తిరిగేదాకా ఇక్కడే ఉంటాను."

ఎక్కడో దూరంగా రైలు కూత. ప్లాట్‌ఫారం అదిరింది. వరసలో మొదటి బూచి లేచి నిలబడింది. తరువాత రెండోది. పొగ కమ్ముకుని చెవులు కనిపించకుండా పోయాయి. గుండు అక్క చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. ఎర్ర అక్షరాలు ఆరిపోయాయి.

పొడుగు పిలుస్తూనే ఉంది.

పొగ విడిపోయేసరికి బండి లేదు. గార్డూ లేడు. ఖాళీ ప్లాట్‌ఫారం మీద లాంతరు ఒక్కటే ఉంది. దాని పక్కన కళ్ళు నులుముకుంటూ, ఇటు తిరిగి, దూది కూర్చుని ఉంది.

"కుయ్" అంది, సన్నగా.

గుండు ఒక్క ఉదుటున మిషన్ లాక్కున్నాడు. దాన్ని గుడిసెకి తీసుకెళ్ళి, పడుకోబెట్టి, దీపం దాని దగ్గరికి జరిపి, అది గుర్రుపెట్టేదాకా నిమిరాడు. మిషన్ ఆపేశాడు. అప్పుడు మంచం మీదికెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"వచ్చేసింది కదరా" అనబోయి పొడుగు ఆగిపోయింది. మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"సారీ రా" అంది.

గుండు కదల్లేదు. కాసేపాగి మళ్ళీ అంది. వాడు దుప్పటి చెవులదాకా లాక్కున్నాడు.

అమ్మ వచ్చింది. లైటు వేసింది. "ఏంటర్రా చీకట్లో? లేవండి, తిందాం" అని వంటింట్లోంచి పిలిచింది. ఇంకాసేపటికి మళ్ళీ పిలిచింది. "ఒసేయ్ పొడుగూ, వినబడటం లేదా? చల్లారిపోతోంది!"

"నువ్వు తినేసి పడుకో అమ్మా, అలసిపోయి ఉంటావు" అంది పొడుగు, తమ్ముడి వీపు మీంచి చూపు తియ్యకుండా. "వాడు ఇటు తిరిగాక మేం వస్తాం."