టిక్కు పెట్టని అమ్మాయి

"అందరూ చదివేశారండీ. మీరొక్కరే మిగిలారు," అన్నాడు లిస్టు బాబు, గుమ్మంలోనే నిలబడి.

కొత్తగా చేరిన అమ్మాయి కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. "ఏది?"

"ఈ సోమవారం పంపిన లిస్టు."

"నేనింకా మొదటి సోమవారం లిస్టులోనే ఉన్నానండీ. రెండో పేపరు నడుస్తోంది."

లిస్టు బాబుకి మతి పోయింది. ఈ అమ్మాయి నిజంగానే చదువుతోంది!

నీటి వాడకం మీద పరిశోధన చేసే సంస్థ అది. పైసా కట్టకుండా ఎవరైనా తెరిచి చదువుకోగల పరిశోధన పత్రాలను ఏరి, ప్రతి సోమవారం లిస్టు కట్టి అందరికీ పంచడం అతని ఉద్యోగం. ఒక్కో పేపరు పక్కన ఒక గడి ఉంటుంది. చదివినవాళ్ళు అందులో టిక్కు పెట్టాలి. అతను లిస్టు పంపి కుర్చీలో వెనక్కి వాలేలోపే టిక్కులు వచ్చిపడేవి. కింద వ్యాఖ్యలు సరేసరి. "అద్భుతం" అని ఒకరు, "నా కళ్ళు తెరిపించింది" అని ఇంకొకరు. కళ్ళ సంగతేమోగానీ, ఫైలు తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. అంతెందుకు, లిస్టు బాబే పేరు చూసి, మొదటి రెండు వాక్యాలు చూసి, టీ చల్లారేలోపు ఏరేసేవాడు.

అతని ఉద్యోగం తాత్కాలికం. శుక్రవారం తనిఖీ కమిటీ వస్తోంది. లిస్టు నూటికి నూరు శాతం చదివారని చూపిస్తే ఉద్యోగం పర్మనెంట్ చేయిస్తానని డైరెక్టరుగారు మాటిచ్చారు. ఆ నూరుకి అడ్డం పడింది ఈ అమ్మాయే.

"ఒక్క టిక్కండీ. అలా వేలు ఆనిస్తే చాలు," బతిమాలాడు.

"చదవకుండానా?"

"అందరూ అలాగే..." అనేసి నాలుక కరుచుకున్నాడు.

అమ్మాయి అప్పుడు చూసింది అతని వంక. ఆ చూపు తగిలేసరికి, చేతిలో ఫైలు ఎటు పట్టుకోవాలో మర్చిపోయాడు పాపం.

"మీరు చదివారా?" అడిగింది.

"నేనే కదండీ ఏరింది!"

"ఏరడం కాదు. చదవడం."

అమ్మాయి పక్క కుర్చీ లాగింది. "రండి, కూర్చోండి. ఏదో ఒకటి కలిసి చదువుదాం. పూర్తయ్యాక టిక్కు పెడతాను. ఏది బాగుంటుందో మీరే చెప్పండి."

ధీమాగా ఒకటి చూపించాడు. ఇళ్ళలో బట్టలు ఉతకడానికి ఎన్ని నీళ్ళు పడతాయన్న పేపరు అది. "ముగింపు ఆలోచింపజేసింది" అని సాక్షాత్తూ డైరెక్టరుగారే రాశారు దాని కింద.

మూడు పేజీలు సాఫీగా సాగాయి. నాలుగో పేజీ అమ్మాయి పైకి చదివింది. "మెషీను మూత సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. తెల్లబట్టలను రంగుబట్టలతో కలపకండి..." ఆగింది. "ఇదేంటి?"

అది వాషింగ్ మెషీన్ వాడే విధానం పుస్తకం. పేపరు రాసినాయన ఏ కంగారులో ఉన్నాడో, మూడు పేజీల తర్వాత దాన్ని అతికించి పంపేశాడు. చివరి పేజీలో, డైరెక్టరుగారిని అంతగా ఆలోచింపజేసిన చోట, గ్యారంటీ షరతులున్నాయి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆమె నవ్వింది. తర్వాత అతను. ఇక పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. బయట వాన మొదలైంది. వెళ్ళడానికి లేదు, కాబట్టి చదివారు. ఒక పేజీ ఆమె, ఒక పేజీ అతను, నాటకంలో డైలాగుల్లా. "నీళ్ళు బయటికి పోకపోతే కంగారు పడకండి!" అని అతను గొంతు వణికిస్తే, ఆమె బల్ల మీద తల వాల్చి మరీ నవ్వింది. ఈ వాన ఇప్పట్లో తగ్గకూడదని మనసులోనే మొక్కుకున్నాడు లిస్టు బాబు.

తగ్గింది. "ఇప్పుడేం చేస్తారు?" అడిగిందామె.

"ఏముంది, రేపు గుట్టుగా తీసేస్తాను. ఎవరికీ తెలీదు."

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. "అవును. ఎవరూ చదవలేదుగా, ఎలా తెలుస్తుంది?" గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. తీసేద్దామని ఆ పేపరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆమె నవ్వు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి వచ్చేది.

శుక్రవారం కమిటీ వచ్చింది. "ఆ బట్టల పేపరు చూపించవయ్యా," అన్నారు డైరెక్టరుగారు హుషారుగా. లిస్టు బాబు తెర మీద తెరిచాడు. మూడో పేజీ దగ్గర ఆపితే ఉద్యోగం తనదే. వెనక వరసలో ఆమె కూర్చుని ఉంది.

నాలుగో పేజీకి వెళ్ళాడు.

కమిటీ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని మూత వేసే పద్ధతి చదివారు. "పద్ధతి చాలా స్పష్టంగా రాశారే!" అన్నారు. పక్కనున్నవాళ్ళు గబగబా రాసుకున్నారు.

"సార్, ఇది వాషింగ్ మెషీన్ పుస్తకం," అన్నాడు లిస్టు బాబు. "చదవకుండా లిస్టులో పెట్టింది నేను. చదవకుండా టిక్కులు పెట్టింది మేమందరం. టిక్కు పెట్టని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడే చదివారు."

డైరెక్టరుగారి మొహం కందగడ్డయింది. పర్మనెంట్ మాట గాలికిపోయింది. దయతలచి ఇంకో ఏడాది తాత్కాలికం పొడిగించారు. లిస్టు పొడవు కూడా తగ్గింది. ఇప్పుడు వారానికి ఒకటే పేపరు, అందరూ కూర్చుని కలిసి చదవాలి. ఆ అందరూ అంటే వచ్చేది ఇద్దరే. మిగతావాళ్ళకి ఆ వేళకే ఎక్కడలేని పనులూ పడేవి.

ఓసారి చదువు మధ్యలో అమ్మాయికి ఇంటినుంచి ఫోనొచ్చింది. "మెషీన్లోంచి నీళ్ళు పోవట్లేదట. మెకానిక్కులు మోటారు మార్చాలంటున్నారట. అమ్మ తల పట్టుకుంది."

"పదకొండో పేజీ!" అని లేచాడు లిస్టు బాబు.

ఆమె ఇంట్లో మెషీను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అడుగున చిన్న మూత తిప్పాడు. నీళ్ళు చొక్కాని ముంచెత్తాయి. జాలీలోంచి ఒక బొత్తాం, రెండు హెయిర్‌పిన్నులు బయటపడ్డాయి. మెషీను మళ్ళీ తిరిగింది.

ఆమె తల్లి బుగ్గన వేలేసుకుంది. "మా ఇంటికి డాక్టరేట్లు చేసినవాళ్ళు ఎంతోమంది వచ్చారు, ఒక్కరూ వంగి చూడలేదు. ఏం చదువుకున్నావు బాబూ?"

"ఇదేనండీ," అన్నాడు నిజాయితీగా. "నేను మొట్టమొదట పూర్తిగా చదివింది ఇదే."

తల్లి నవ్వుకుంటూ తువ్వాలు తేవడానికి వెళ్ళింది. కారుతున్న చొక్కాతో అతను లేచి నిలబడ్డాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఆ వానరోజు నుంచీ. కమిటీ ముందు నిజం చెప్పింది కూడా నువ్వు మళ్ళీ నవ్వాలనే."

ఆమె ఫోను తీసి ఏదో నొక్కింది. మరుక్షణం అతని జేబులో ఫోను మోగింది. తడిచేతుల్తోనే తీసి చూశాడు.

పాత లిస్టులో ఆ బట్టల పేపరు పక్కన ఖాళీగా ఉన్న గడిలో టిక్కు పడింది. కింద ఆమె వ్యాఖ్య ఉంది. "ఇప్పుడే చదవడం పూర్తయింది. ముగింపు నచ్చింది."