కూర్చోనన్న సింకు

జూన్ పన్నెండో తారీకు. ఆ పొద్దున నేనూ మా అబ్బాయీ తిన్నది మాడిన బ్రెడ్డు, ఉడికీ ఉడకని గుడ్లు. వంటింటి సామానంతా ముందుగదిలోకి వచ్చేసింది. స్టవ్వు కుర్చీ ఎక్కింది, మేం నేలమీద కూర్చున్నాం. పాత స్టీలు సింకు కారి కారి కింద గట్టును తినేసింది. ఇక లాభం లేదని పెద్దమేస్త్రి తేల్చేసి, పనికి మనిషిని పంపిస్తానన్నాడు.

వాన జోరుగా పడుతుండగా బెల్లు మోగింది. మావాడు తలుపు తీశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. భుజాన పనిముట్ల సంచి, చెవి మీద పెన్సిలు, జడ చివర నుంచి కారుతున్న నీళ్ళు. మావాడు ఆమె భుజం మీదుగా వీధిలోకి తొంగిచూసి, "మేస్త్రి వెనకాల వస్తున్నాడాండీ?" అని అడిగాడు.

"మీ ముందుకే వచ్చేశాడు. మీరు కాస్త జరిగితే లోపలికి కూడా వస్తాడు," అందామె.

మావాడు జరిగాడు. జరగడంలో చెప్పుల స్టాండును తన్నుకున్నాడు.

ఆ అమ్మాయి పెద్దమేస్త్రి కూతురు. పనివాళ్ళంతా చిన్నమేస్త్రి అంటారట. తండ్రి వెంట తిరిగి పని నేర్చుకుంది, తనంతట తాను ఒప్పుకున్న మొదటి పని మాదే. ఇది సాఫీగా అయితే కొత్త ఆస్పత్రి క్యాంటీనులో వంటిల్లంతా ఆమె చేతికే వదిలేస్తానని తండ్రి మాటిచ్చాడు. తేడా వస్తే మళ్ళీ తండ్రి షాపులో కూర్చుని కుళాయిలు అమ్ముకోవాలి. ఈ సంగతి మొదటి రోజే టీ తాగుతూ నాతో చెప్పింది, ఎవరిదో ఊసు చెప్పినట్టు. కప్పు చుట్టూ వేళ్ళు మాత్రం బిగుసుకుని ఉన్నాయి.

మావాడి సంగతి కూడా చెప్పాలి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అమర్చడం వాడి పని. భుజం మీద ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ ఉంటుంది. మరక కనిపిస్తే వాడి చెయ్యి ఊరుకోదు. ఒకసారి పక్కింటివాళ్ళ కాలింగ్ బెల్లు కూడా తుడిచి వచ్చాడు. వాళ్ళమ్మ పోయాక ఈ అలవాటు ఇంకాస్త ముదిరింది. నేనేమీ అనలేదు. ఇద్దరు మగాళ్ళుండే ఇల్లు అద్దంలా ఉంటే అదీ ఒక భాగ్యమే అనుకున్నాను.

కొత్త సింకు కూడా వాడు మనసు పారేసుకుని తెచ్చిందే. నిజానికి అది కొత్తదీ కాదు. కూల్చేస్తున్న ఒక బేకరీలోది. తెల్ల పింగాణీ, లోతైన కడుపు, వెడల్పాటి అంచు. ఇద్దరు మోసుకొచ్చి దించాక, ఆ ఇద్దరూ గోడకి చేరగిలబడి ఆయాసం తీర్చుకున్నారు.

చిన్నమేస్త్రి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఇందులో గిన్నెలు తోముతారా, ఏనుగుకి నీళ్ళు పోస్తారా అని అడిగింది. మావాడు ఉడుక్కున్నాడు. ఆమె సింకు అంచు మీద రసమట్టం పెట్టి, లోపలి బుడగ ఎటు జరిగిందో కళ్ళు చికిలించి చూస్తోంది. వాడికి అదే అదను. మీకు దగ్గరి చూపు కాస్త తగ్గినట్టుంది, ఒకసారి షాపుకొస్తే పరీక్ష చేయిస్తానన్నాడు. షాపులో ఎంత మర్యాదగా చెబుతాడో అంత మర్యాదగానే.

"నా చూపు బాగానే ఉందండీ. మీ సింకే వంకర."

ఆ మాట నిజం. బట్టీలో కాలేటప్పుడు దాని ఎడమవైపు ముందుమూల వేలి మందాన బయటికి ఉబ్బింది. అయినా వాడు ఒప్పుకోలేదు. ఆమె వదల్లేదు. ఆ వారమంతా మా ఇంట్లో వాన చప్పుడు, సుత్తి చప్పుడు, వీళ్ళిద్దరి వాదన. వాడు మధ్యాహ్నానికే ఇల్లు చేరేవాడు. వానకి బేరాలు లేవట. రెండో రోజు బిస్కెట్లు తెచ్చాడు, మూడో రోజు గొడుగు తెచ్చి, ఎవరో షాపులో మర్చిపోయారని చెప్పాడు. దానికి ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. చిన్నమేస్త్రి ఆ చీటీ తెంపి జేబులో వేసుకుని, మర్చిపోయినవాళ్ళకి థాంక్స్ చెప్పమంది.

చాలా కాలం తర్వాత మా ఇంట్లో పక్కగదిలోంచి నవ్వు వినిపించింది. నేను పేపరు చదువుతున్నట్టు పట్టుకుని వింటూ కూర్చున్నాను.

శుక్రవారం ఆమె సింకును బోర్లించి, దాని ఆకారం అట్ట మీద గీసి, అంచు ఆనడానికి వీలుగా కాస్త లోపలిగా కత్తిరించింది. బోర్లించి గీసింది కనక ఆ అట్టను తిరగేసి కొత్త గట్టు రాతి మీద పెట్టాలి. లేకపోతే ఎడమ కుడి అయిపోతుంది. అందుకని పైకి రావాల్సిన వైపు చాక్‌పీసుతో "పై" అని రాసుకుంది. తర్వాత చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మావాడు గట్టంతా శుభ్రం చేసి, అట్టను పొందిగ్గా పరిచి, పక్కన టీ పెట్టాడు. టీ చల్లారేలోపు ఆమె అట్ట చుట్టూ గీత గీసేసింది. ఆ సాయంత్రమే రాయి కోసింది.

మర్నాడు సింకు దించే రోజు. పెద్దమేస్త్రి సాయంత్రం చూడటానికి వస్తానన్నాడు. ఆమెతో వచ్చే మనిషికి జ్వరం, నాకు నడుం నొప్పి. ఇక రెండో వైపు పట్టాల్సింది మావాడే. వేళ్ళు నలగకుండా నేను అంచు కింద చెక్కముక్కలు పెట్టాను. ఇద్దరూ ఊపిరి బిగబట్టి దించారు. చెక్కలు లాగేశాను.

సింకు మూడు మూలలా ఆనింది, నాలుగో మూల లేచే ఉంది. అటు నొక్కితే ఇటు లేస్తుంది, ఇటు నొక్కితే అటు లేస్తుంది. పేచీ పెట్టిన పిల్లాడు కుర్చీలో కూర్చోనన్నట్టు.

ఆమె రాతి అంచు నునుపు చేసింది. కింద పలకలు సర్ది చూసింది. రెండుసార్లు ఎత్తారు, రెండుసార్లు దించారు. మావాడి చొక్కా తడిసి ముద్దయింది, అయినా వాడి నోటి నుంచి ఒక్క వెటకారం రాలేదు. మూడోసారి సింకు ఎత్తి పక్కన పెట్టి, ఆమె అట్ట తెచ్చి కోసిన కంతలో ఉంచింది. అతికినట్టు సరిపోయింది. అప్పుడు అట్టను తీసి వెనక్కి తిప్పి చూసింది, మళ్ళీ ముందుకు తిప్పింది. రెండు వైపులా ఏమీ లేదు.

"రాశాననే అనుకున్నాను," అంది మెల్లగా, తనలో తాను.

మావాడి చెయ్యి భుజం మీది గుడ్డ మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. వాడి ముఖం చూస్తే నాకు విషయం అర్థమైంది. వాడు నోరు తెరిచేలోపే గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడు. పెద్దమేస్త్రి చెప్పినదానికన్నా ముందే వచ్చేశాడు.

ఆయన కంతను చూశాడు, సింకును చూశాడు. అట్ట అందుకుని ఒక్కసారి తిరగేశాడు. అంతే, ఆయనకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

"తిరగేసి పెట్టలేదు నాన్నా. తప్పు నాదే," అంది చిన్నమేస్త్రి.

ఆయన కేకలెయ్యలేదు. అట్టను గోడకి ఆనించి, క్యాంటీను పని తాను చూసుకుంటాననీ, సోమవారం నుంచి షాపుకి రమ్మనీ చెప్పాడు. ఆమె తలూపి, పనిముట్లు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ తుడిచి మరీ సర్దుతోంది.

"ఆవిడ రాశారండీ," అన్నాడు మావాడు. "తుడిచేసింది నేను."

పెద్దమేస్త్రి వాడి వైపు తిరిగాడు. "నువ్వెందుకు తుడిచావయ్యా?"

"మరకనుకున్నాను. రోజంతా ఆ దుమ్ములోనే పని చేస్తారు కదా. ఆవిడ చెయ్యి పెట్టే చోటైనా శుభ్రంగా ఉండాలనిపించింది. రోజూ అలాగే తుడుస్తున్నాను. సుత్తి పిడి, రసమట్టం, టీ కప్పు, అన్నీ."

తానేం చెప్పాడో వాడికి చెప్పాక గాని తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నమేస్త్రి చేతిలో రసమట్టం ఉంది. దాన్ని సంచిలో వెయ్యకుండా అలాగే పట్టుకుని చూస్తోంది.

పెద్దమేస్త్రి నన్ను చూశాడు. నేను పైకప్పు చూశాను.

ముందుగా మాట్లాడింది ఆమే. "తుడిస్తే పోయేదానితో రాయడం నా బుద్ధితక్కువ నాన్నా. కొయ్యబోయే ముందు సింకు పక్కన పెట్టి సరిచూసుకోలేదు, అదీ నాదే. ఆయన మీదికి నెట్టను. కానీ సరిచెయ్యనివ్వు. తట్టుకుంటున్న మూల అరగదీస్తే చాలు. రెండో మూల సందు అంచు కింద దాగిపోతుంది."

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, కానీ అన్నాడు.

గ్రైండరు మోత, తెల్లటి దుమ్ము. మావాడు గుడ్డను మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. ఆమె అరగదీసింది, తడిమింది, మళ్ళీ అరగదీసింది. అంచు చుట్టూ సిలికాన్ జిగురు పట్టించి, ఇద్దరూ సింకును ఎత్తారు.

"నేను చెప్పేదాకా వదలకు," అంది ఆమె. అప్పటిదాకా వాణ్ణి మీరు అనేది.

"వదలను," అన్నాడు వాడు.

సింకు దిగింది. చప్పుడు లేదు, ఊగడం లేదు. పెద్దమేస్త్రి లేచి వచ్చి నాలుగు మూలలా అరచేత్తో నొక్కాడు. రసమట్టం అడిగి తీసుకుని పెట్టాడు. బుడగ మధ్యలో నిలబడింది. దాన్ని కూతురి చేతికిస్తూ, సోమవారం క్యాంటీనుకి ఎన్నింటికి వెళతావని అడిగాడు. ఆమె ఎనిమిదింటికి అంది. ఏడున్నరకి వెళ్ళు, వాళ్ళు తొందరగా తెరుస్తారు అన్నాడాయన. క్షమించడం ఇంత పొదుపుగా చేసే మనిషిని నేను చూడలేదు.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆయన గొంతు తగ్గించి, "అన్నగారూ, మీవాడికి సంబంధాలేమైనా చూస్తున్నారా?" అన్నాడు.

"నిన్నటిదాకా చూశానండీ. ఇక మానేద్దామనుకుంటున్నాను."

ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు. సింకు నిండా నీళ్ళు పోసి ఉంచమనీ, ఆ బరువుకి అది సర్దుకుంటుందనీ, కారడం లేదని చూశాకే ఇంటికి రమ్మనీ కూతురికి చెప్పి, వానలోనే వెళ్ళిపోయాడు.

వాళ్ళిద్దరూ నీళ్ళు నింపి, వంటింటి నేలమీదే చతికిలబడ్డారు. ఆమె టార్చి పట్టి గొట్టం చుట్టూ చూస్తోంది. వాడు ఆమెను చూస్తున్నాడు.

"కారుతోందా?" అని అడిగాడు.

"లేదు."

"ఇంకాసేపు చూద్దామా?"

"చూద్దాం," అని ఆమె టార్చి ఆర్పేసింది.

ఒక మూల లేచినందుకు ఆ సింకుకి మనసులోనే దండం పెట్టుకున్నాను. బుద్ధిగా కూర్చుని ఉంటే ఆ అమ్మాయి మధ్యాహ్నమే సంచి సర్దుకుని వెళ్ళిపోయేది, మావాడు ఈ జన్మకి నోరు విప్పేవాడు కాదు. మా ఆవిడ ఉంటే ఈపాటికి వాళ్ళ మధ్య కూర్చుని పెళ్ళి ముహూర్తం దాకా వెళ్ళిపోయేది. నాకు అంత చొరవ లేదు. మంచినీళ్ళు తాగాలనిపించినా వంటింటి వైపు వెళ్ళలేదు.

వాన సన్నబడింది. లోపల వాళ్ళ మాటలు ఒక్క మాటా తెలియనంత మెల్లగా సాగుతున్నాయి. నా గదిలోకి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసుకున్నాను.